బ్రిటిష్ నావికాధికారి ఉద్యోగ చరిత్రను రికార్డుల నుంచి కూర్చుకోవడం ఎలా? (1900–1922)

పాత ఫోటో వెనుక రాసి ఉన్న ఒక పేరు, సమాధి రాతి మీద చెక్కిన ఒక హోదా, యుద్ధచరిత్రలో ఒక్క వాక్యంలో కనిపించి ఆపైన జాడ లేకుండా పోయిన ఒక లెఫ్టినెంటు: వెతుకులాట సాధారణంగా ఇలాంటి చిన్న ఆధారంతోనే మొదలవుతుంది. ఆ వ్యక్తి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో రాయల్ నేవీ అధికారి అయితే వెతికేవారి అదృష్టం మంచిదనే చెప్పాలి. ఆ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్టీ ఒక్కొక్క అధికారి పేరిట ఒక ఖాతా తెరిచి, కుర్రవాడిగా చేరిన నాటి నుంచి కొలువు విడిచే దాకా, తరచుగా చనిపోయే దాకా, అందులో రాస్తూ పోయింది. ఆ ఖాతాలు చాలావరకు లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని సంపాదించడం కంటే చదవడమే కష్టం. ఆ పుటలలో ఉండేవి తేదీలు, ఓడల పేర్లు, పొట్టి అక్షరాలు, పైఅధికారి రాసిన ఒకటి రెండు ముక్కలు మాత్రమే. ఒక తేదీకీ తర్వాతి తేదీకీ మధ్య ఎంత కాలం గడిచింది, తోటివారికి కూడా అంతే కాలం పట్టిందా అన్న ప్రశ్న వేసుకున్నప్పుడే ఆ తేదీలకు అర్థం వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ చదివే పద్ధతి గురించే.

మనిషిని ముందుగా ఖాయం చేసుకోవాలి

పుట్టిన తేదీ దొరికేదాకా ఏ రికార్డునూ మీరు వెతుకుతున్న వ్యక్తిదని నమ్మకండి. 1914 ఆగస్టులో జర్మన్ యుద్ధనౌక గోబెన్‌ను మధ్యధరా సముద్రంలో తరిమినప్పుడు గ్లోస్టర్ అనే తేలికపాటి క్రూయిజర్‌కు కెప్టెన్ హోవర్డ్ కెల్లీ, డబ్లిన్ అనే మరో క్రూయిజర్‌కు కెప్టెన్ జాన్ కెల్లీ అధిపతులుగా ఉన్నారు. ఇద్దరూ అన్నదమ్ములు, ఇద్దరూ అదే సముద్రంలో, అదే వేటలో ఉన్నారు, ఇద్దరూ ఆ తర్వాత అడ్మిరళ్ళయ్యారు. "కెప్టెన్ కెల్లీ" అని మాత్రమే రాసిన కాగితం చేతికి వస్తే అది ఎవరిదో ఓడ పేరు చూడకుండా చెప్పలేము. పేర్లు మారడం ఇంకొక చిక్కు. లయన్ అనే యుద్ధ క్రూయిజర్ మీద అడ్మిరల్ డేవిడ్ బీటీకి సహాయాధికారిగా ఉన్న రెజినాల్డ్ ప్లంకెట్ 1916లో తన పేరుకు ఎర్న్‌లీ-ఎర్ల్-డ్రాక్స్ అన్న తోక చేర్చుకున్నాడు కాబట్టి, అంతకు ముందు కాగితాలలో ఒక పేరు, తర్వాతి వాటిలో మరొక పేరు ఉంటాయి.

తర్వాత తేల్చుకోవలసింది శాఖ. ఓడను నడిపి, యుద్ధం చేయించే ఎగ్జిక్యూటివ్ అధికారులు వేరు. ఇంజనీర్లు, సర్జన్లు, జీతాలూ లెక్కలూ చూసే పేమాస్టర్లు వేరు. ఫోటో ఉంటే ఈ పని సులువు. కోటు చేతి మీది బంగారు పట్టీల మధ్య ఊదా రంగు గుడ్డ ఉంటే ఇంజనీరు, ఎరుపు ఉంటే వైద్యుడు, తెలుపు ఉంటే పేమాస్టరు. నలుపు తెలుపు ఫోటోలో ఈ రంగులు తెలియకపోయినా, పట్టీల మధ్య గుడ్డ ఉందా లేదా అన్నది తెలుస్తుంది. పై పట్టీకి గుండ్రని మెలిక ఉంటే ఎగ్జిక్యూటివ్ అధికారి అని చాలామంది చెబుతారు, కానీ ఇంజనీర్లకు కూడా 1915లో ఆ మెలిక వచ్చింది, మిగతా శాఖలకు 1918లో వచ్చింది. అందువల్ల మెలిక ఒక్కదాన్నే నమ్ముకుని శాఖను నిర్ణయించకూడదు. పట్టీలు గొలుసులా అల్లుకుని ఉంటే వాణిజ్య నౌకల నుంచి వచ్చిన రాయల్ నేవల్ రిజర్వ్ అధికారి. అలలుగా ఉంటే 1903లో ఏర్పడిన వాలంటీర్ రిజర్వ్ అధికారి.

ఈ తేడాతోనే ఏ తరగతి కాగితాలు చూడాలో తేలిపోతుంది. నేషనల్ ఆర్కైవ్స్‌లో అడ్మిరల్టీ కాగితాల తరగతులకు ఏడీఎం (ADM) అన్న గుర్తు, ఒక సంఖ్య ఉంటాయి. శాశ్వత దళపు అధికారుల ఖాతాలు ఏడీఎం 196లో, వాటికి కొనసాగింపుగా ఉండే కార్డులు ఏడీఎం 340లో ఉంటాయి. రిజర్వ్ అధికారులకు ఏడీఎం 240, వాలంటీర్ రిజర్వ్ వారికి ఏడీఎం 337, నౌకాదళ విమాన విభాగం అధికారులకు ఏడీఎం 273 చూడాలి. విమానాలు నడిపినవారి రికార్డు 1918 ఏప్రిల్ 1న హఠాత్తుగా ఆగిపోతే కంగారు పడనక్కరలేదు. ఆ రోజున ఆ విభాగం సైన్యపు వైమానిక విభాగంతో కలిసి రాయల్ ఎయిర్ ఫోర్స్ అయింది, మిగతా కథ ఎయిర్ 76 (AIR 76) అన్న తరగతిలో ఉంటుంది.

ఖాతా ఒక చేత్తో, నేవీ లిస్టు మరో చేత్తో

ఏడీఎం 196 ఖాతాలు ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ సూచీలో పేరు మీద, పుట్టిన తేదీ మీద దొరుకుతాయి. ఒకే అధికారికి రెండు మూడు చోట్ల పుటలు ఉండడం మామూలే, ఎందుకంటే ఖాతా పుస్తకాలు ఎప్పటికప్పుడు మారాయి, పైస్థాయి అధికారుల గురించి గోప్యంగా రాసిన అభిప్రాయాలకు వేరే పుస్తకాలు ఉండేవి. మొదటి ఫలితంతో ఆగిపోకుండా అదే పేరుతో ఉన్న అన్ని పుటలనూ తెప్పించుకోండి. అత్యంత ఆసక్తికరమైన మాటలు తరచుగా రెండో పుటలోనే ఉంటాయి.

నేవీ లిస్టు దీనికి జంట. ఇది అచ్చయిన జాబితా. అధికారి పేరు, హోదా, సీనియారిటీ తేదీ (ఆ హోదాను ఏ రోజు నుంచి లెక్కిస్తారో ఆ తేదీ), పనిచేస్తున్న ఓడ అందులో ఉంటాయి. 1913 నుంచి 1921 వరకు సంచికలను స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉంచింది. యుద్ధకాలంలో దళం వాడకానికి వేసిన గోప్య ప్రతులు క్యూలో ఏడీఎం 177గా ఉన్నాయి. ఖాతా ఒక మనిషిని మాత్రమే చూపిస్తుంది, నేవీ లిస్టు ఆ మనిషి చుట్టూ ఉన్నవారిని చూపిస్తుంది. మొదటిదాన్ని చదివి రెండోదాన్ని వదిలేయడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

మూడో ఆధారం ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్. ప్రమోషన్లు, పతకాలు, యుద్ధ నివేదికలు అందులో అచ్చయ్యాయి. బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడిన జట్లాండ్ యుద్ధం 1916 మే 31న మొదలైతే దాని నివేదిక జూలై 6న వచ్చింది. పతకాల విషయంలో ఆలస్యం ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. డార్డనెల్స్ జలసంధిలో బి11 జలాంతర్గామితో తుర్కీ నౌక మెసూదియేను ముంచిన లెఫ్టినెంట్ హోల్‌బ్రూక్‌కు విక్టోరియా క్రాస్ తొమ్మిది రోజులలో, 1914 డిసెంబరు 22న ప్రకటించారు. జట్లాండ్‌లో చనిపోయిన షార్క్ డిస్ట్రాయర్ అధిపతి లాఫ్టస్ జోన్స్‌కు అదే పతకం 1917 మార్చిలో గాని ప్రకటించలేదు. అందువల్ల సంఘటన జరిగిన నెలలో పేరు కనిపించకపోతే ఏడాది పాటు ముందుకు వెతకాలి. జలాంతర్గాములకు వలపన్నే మారువేషపు ఓడల మీద పనిచేసినవారి ప్రకటనలో పని వివరమే ఉండదు. గోర్డన్ కాంబెల్ విక్టోరియా క్రాస్ ప్రకటనలో ఓడ పేరు కూడా లేదు. శత్రువుకు ఆ రహస్యం తెలియకూడదన్నదే కారణం.

తొలి పుట: పాఠశాల, ఖర్చు, పరీక్షలు

ఖాతా పై భాగంలో ఉండే చేరిన తేదీని బట్టి ఆ కుర్రవాడు ఏ పద్ధతిలో వచ్చాడో తెలుస్తుంది. పాత పద్ధతిలో వచ్చినవారు డార్ట్‌మత్ దగ్గర లంగరు వేసి ఉంచిన బ్రిటానియా ఓడలో చదువుకున్నారు. 1902 చివర ప్రకటించిన సెల్బోర్న్ పథకం ప్రకారం 1903 నుంచి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్‌లో రెండేళ్ళు, ఆ తర్వాత డార్ట్‌మత్‌లో రెండేళ్ళు చదివారు. డార్ట్‌మత్ ఒడ్డున కళాశాల భవనం 1905లో మొదలైంది, ఆస్బోర్న్ 1921లో మూతపడింది. 1913 నుంచి పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో బయటి పాఠశాలల నుంచి నేరుగా చేర్చుకునే స్పెషల్ ఎంట్రీ కూడా ఉంది. "మేట్" అన్న హోదా కనిపిస్తే దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. 1912లో వచ్చిన ఆ దారి ద్వారా సాధారణ నావికులు అధికారులయ్యారు; ఎదురీది పైకి వచ్చిన మనిషి కథ మీ చేతిలో ఉందన్నమాట.

కుటుంబ స్థితి గురించి ఖాతా పెద్దగా చెప్పదు, కానీ లెక్కలు చెబుతాయి. ఆస్బోర్న్, డార్ట్‌మత్ చదువుకు ఏడాదికి 75 పౌండ్ల ఫీజు ఉండేది. చదువు ముగించి మిడ్‌షిప్‌మన్‌గా ఓడ ఎక్కిన కుర్రవాడికి రోజుకు 1 షిల్లింగు 9 పెన్నీలు మాత్రమే వచ్చేవి, తండ్రి ఏడాదికి మరో 50 పౌండ్లు కట్టాలి. లెఫ్టినెంటు అయ్యాకనే రోజుకు 10 షిల్లింగులు. ఇంత భరించగలిగిన ఇళ్ళ నుంచే చాలామంది అధికారులు వచ్చారు.

చేరిన బృందాన్ని బట్టి యుద్ధం ఎప్పుడు తాకిందో కూడా గమనించాలి. 1914 ఆగస్టు మొదట్లో డార్ట్‌మత్ క్యాడెట్లు నాలుగు వందల మందికి పైగా చదువు మధ్యలోనే దళానికి తరలిపోయారు. ఆ సెప్టెంబరు 22న అబూకిర్, హోగ్, క్రెస్సీ ఓడలు ఒకే జలాంతర్గామి దెబ్బకు మునిగినప్పుడు వారిలో కొందరు పదిహేనేళ్ళ వయసులోనే చనిపోయారు. అలాంటి బృందానికి చెందిన వ్యక్తి ఖాతాలో పాఠశాల తేదీలు తెగిపోయినట్టు ఉంటే, ఆ ఖాళీని ఎంత మాత్రం తేలికగా దాటిపోలేము.

సబ్-లెఫ్టినెంటు దశలో పరీక్షల ఫలితాలు చూడండి. నౌకాచాలనం, నావిగేషన్, పైలటేజ్, తుపాకులు, టార్పెడో అన్న అయిదు విషయాలలో ఒకటో, రెండో, మూడో తరగతులు ఇచ్చేవారు. అయిదింటిలోనూ మొదటి తరగతి తెచ్చుకున్నవాడు తోటివారి కంటే త్వరగా లెఫ్టినెంటు అయ్యేవాడు, ఆ కొద్ది నెలల ముందంజ తర్వాత పదిహేనేళ్ళ పాటు సీనియారిటీలో నిలిచిపోయేది.

ప్రమోషన్ తేదీలను చదవడం

అసలు పని ఇక్కడ ఉంది. ఆనాటి ఎగ్జిక్యూటివ్ శాఖలో లెఫ్టినెంటు నుంచి కమాండరుకు, కమాండరు నుంచి కెప్టెనుకు వెళ్ళడం ఎంపిక ద్వారా జరిగేది. ఎంపికైనవారి జాబితాలు ఏడాదికి రెండుసార్లు, జూన్ 30న, డిసెంబరు 31న వచ్చేవి. ఆ రెండు తేదీలలో ఏదో ఒకటి కనిపిస్తే అది మామూలు ప్రమోషన్. వేరే తేదీ కనిపిస్తే ఏదో ప్రత్యేక కారణం ఉందని అర్థం, ఆ కారణాన్ని వెతకాలి.

అందరికీ తెలిసిన రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ ఖాతాతో ఈ పద్ధతిని సాధన చేయవచ్చు. 1868లో పుట్టి 1881లో బ్రిటానియాలో చేరిన స్కాట్ 1889లో లెఫ్టినెంటు అయ్యాడు, వెర్నన్‌లో టార్పెడో చదువు చదివాడు, 1900 జూన్ 30న కమాండరు అయ్యాడు. పదకొండేళ్ళకు, మామూలు జాబితాలో వచ్చిన ప్రమోషన్ అది. దక్షిణ ధ్రువ ప్రాంతపు తొలి యాత్ర ముగించి డిస్కవరీ పోర్ట్స్‌మత్ చేరిన 1904 సెప్టెంబరు 10వ తేదీనే కెప్టెన్ హోదాకు సీనియారిటీ ఇచ్చారు. జాబితా తేదీ కాని ఆ తేదీ, యాత్రకు అడ్మిరల్టీ ఇచ్చిన బహుమానం ఏమిటో ఒక్క మాటలో చెప్పేస్తుంది. ఆ తర్వాత విక్టోరియస్, ఆల్బెమార్ల్, ఎసెక్స్, బుల్‌వర్క్ ఓడలకు అధిపతి అయ్యాడన్న వరుస చూస్తే, ధ్రువయాత్రికుడిగానే మనం గుర్తుపెట్టుకున్న మనిషి తన దళంలో మామూలు బాధ్యతలన్నీ మోసిన కెప్టెన్ అని కూడా తెలుస్తుంది.

డేవిడ్ బీటీ తేదీలు దీనికి పూర్తిగా భిన్నం. 1871లో పుట్టిన బీటీ సూడాన్ యుద్ధంలో నైలు నది మీది గన్‌బోట్ల పని తర్వాత 1898 నవంబరులో కమాండరు, చైనాలో బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1900 నవంబరులో కెప్టెన్ అయ్యాడు. రెండూ నవంబరులే, రెండూ యుద్ధభూమి నుంచి వచ్చినవే. ఇరవై తొమ్మిదేళ్ళకు కెప్టెన్ కావడం వల్ల 1910 జనవరి 1న, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో రియర్ అడ్మిరల్ వంతు వచ్చింది. కెప్టెన్‌గా సముద్రం మీద గడపవలసిన కాలం పూర్తి కాకపోవడంతో ఆ ప్రమోషన్‌కు ప్రత్యేక రాజాజ్ఞ అవసరమైంది.

మీ అధికారి స్కాట్ గాని బీటీ గాని కాకపోవచ్చు. అప్పుడు ఇలా చేయండి. ఆయన లెఫ్టినెంటు అయిన ఏడాది నేవీ లిస్టు తీసి, సీనియారిటీ వరుసలో ఆయన పేరుకు పైన పది పేర్లు, కింద పది పేర్లు రాసుకోండి. అయిదేళ్ళ తర్వాతి లిస్టులో ఆ ఇరవై ఒక్క మందీ ఎక్కడున్నారో చూడండి, మళ్ళీ అయిదేళ్ళ తర్వాత చూడండి. ఎవరు ముందుకు దూసుకుపోయారు, ఎవరు లెఫ్టినెంటుగానే మిగిలారు, ఎవరి పేరు మాయమైంది అన్నది ఒకే కాగితం మీద కనిపిస్తుంది. ఒక సాయంత్రం పట్టే పని ఇది, కానీ పైఅధికారుల అభిప్రాయాల కంటే నిక్కచ్చిగా ఆ మనిషి స్థానాన్ని చూపిస్తుంది. ఇందులో ఒక జాగ్రత్త: 1914 మార్చికి ముందు లెఫ్టినెంట్-కమాండర్ అన్న హోదా లేదు. ఎనిమిదేళ్ళ సీనియారిటీ దాటిన లెఫ్టినెంటు రెండున్నర పట్టీలు వేసుకునేవాడు, అంతే. ఆ నెలలో మీ అధికారి హోదా మారినట్టు కనిపిస్తే అది పేరు మార్పే గాని ప్రమోషన్ కాదు.

కెప్టెన్ అయ్యాక లెక్క మారిపోతుంది. అక్కడి నుంచి పైకి వెళ్ళడం సీనియారిటీ మీదే ఆధారపడింది. పైవారు తప్పుకుంటే కిందివారు జరుగుతారు. అందువల్ల ఆ దశలో హోదా తేదీ కంటే ఇచ్చిన పనిని చూడాలి. గోబెన్‌ను ఎదిరించలేదన్న ఆరోపణపై రియర్ అడ్మిరల్ ట్రూబ్రిడ్జ్ 1914 నవంబరులో పోర్ట్‌లాండ్‌లో కోర్టు మార్షల్‌ను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తర్వాత వైస్ అడ్మిరల్, అడ్మిరల్ హోదాలు వరుసగా వచ్చాయి. హోదాలు మాత్రమే చూసినవారికి ఆ విచారణ ఏ మచ్చా మిగల్చలేదనిపిస్తుంది. నియామకాలు చూస్తే 1915లో సెర్బియాకు పంపిన నౌకాదళ బృందానికి అధిపతి అయ్యాడని, సముద్రం మీద నాయకత్వం మాత్రం మళ్ళీ దక్కలేదని తెలుస్తుంది.

ఓడ పేరు చూసి మోసపోవద్దు

ఖాతాలో రాసిన ఓడ పేర్లలో చాలావాటి మీద ఆ అధికారి సముద్రయానం చేయలేదు. ఎక్సలెంట్ అంటే పోర్ట్స్‌మత్ దగ్గర వేల్ ఐలాండ్‌లోని తుపాకుల పాఠశాల, వెర్నన్ అంటే టార్పెడో పాఠశాల, డ్రయాడ్ అంటే నావిగేషన్ పాఠశాల. లండన్ అడ్మిరల్టీ కార్యాలయంలో బల్ల దగ్గర పనిచేసేవారి పేర్లు ప్రెసిడెంట్ ఓడ పద్దులో ఉండేవి. విక్టరీ, పెంబ్రోక్, వివిడ్ అని కనిపిస్తే పోర్ట్స్‌మత్, చాథమ్, డెవన్‌పోర్ట్ బారక్‌లు అనుకోవడం మంచిది. విక్టరీ అన్న పేరు చూసి నెల్సన్ ఓడ మీద కొలువు అని ఉప్పొంగిపోవడం కొత్తవారికి సహజం. మొదట్లో నేనూ అదే పొరపాటు చేసి ఒక పేజీ అంతా తిరిగి రాసుకోవలసి వచ్చింది. జలాంతర్గాముల వారి పేర్లు డిపో ఓడ కింద ఉంటాయి. మెయిడ్‌స్టోన్ అని రాసి ఉంటే పక్కన చిన్న అక్షరాలలో ఇ9 లాంటి సంఖ్య ఉందేమో చూడాలి. హార్విచ్‌లో లంగరు వేసుకుని ఉన్న ఓడ ఒకటైతే, శత్రువు తీరానికి వెళ్ళిన పడవ మరొకటి.

"కెప్టెన్" అన్న మాట కూడా ఇలాంటిదే. ఏ హోదాలో ఉన్నా ఓడకు అధిపతి అయినవాడిని ఆ ఓడ కెప్టెన్ అనే పిలుస్తారు. బి11 అధిపతి హోల్‌బ్రూక్ హోదాలో లెఫ్టినెంటే. ఉత్తరాలలో, పత్రికలలో కెప్టెన్ అని కనిపించినా ఖాతాలో ఆ హోదా లేకపోతే ఖాతానే నమ్మాలి.

మధ్యలో వచ్చే ఖాళీల గురించి తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఓడ సిబ్బందిని విడుదల చేసినప్పుడు అధికారి తర్వాతి నియామకం వచ్చేదాకా హాఫ్ పే (తగ్గించిన జీతం) మీద ఇంట్లో ఉండడం పరిపాటి, కెప్టెన్ల విషయంలో అది నెలల తరబడి సాగేది. 1904 చివర నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ ఫిషర్ దూరదేశాలలోని పాత చిన్న ఓడలను పెద్ద ఎత్తున వెనక్కి పిలిపించి తీసివేసినప్పుడు వాటి అధికారులు ఒక్కసారిగా ఇంగ్లండు చేరారు. ఆ శీతకాలంలో కనిపించే ఖాళీకి అధికారి ప్రవర్తనతో సంబంధం లేకపోవచ్చు.

ఓడ నిజంగా సముద్రంలో ఉన్నదే అని తేలితే దాని లాగ్ పుస్తకాన్ని తెరవండి. అవి ఏడీఎం 53లో, జలాంతర్గాములవి ఏడీఎం 173లో ఉన్నాయి. 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ ప్రాజెక్టులో పాత వాతావరణ వివరాల కోసం స్వచ్ఛంద సేవకులు మొదటి ప్రపంచయుద్ధ కాలపు లాగ్‌లు ఎన్నో అచ్చు రూపంలోకి ఎక్కించారు. అవి ఉచితంగా చదువుకోవచ్చు. లాగ్‌లో గాలి దిశ, బొగ్గు ఎక్కించిన లెక్క, ఓడరేవులు, సిబ్బంది చేసిన పని ఉంటాయి. అధికారి పేరు అరుదుగానే కనిపిస్తుంది, అయినా ఒక ఏడాది పాటు ఆ మనిషి ఏ ఎండలో, ఏ మంచులో తిరిగాడో తెలిసేది అక్కడే. వ్యక్తి గొంతు వినాలంటే గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం, లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ ఆర్కైవ్స్ సెంటర్ సూచీలలో ఆయన పేరే గాక ఆయనతో అదే ఓడలో ఉన్నవారి పేర్లు కూడా వెతకాలి. మిడ్‌షిప్‌మన్లు తప్పనిసరిగా దినచర్య పుస్తకం రాయవలసి ఉండేది, బొమ్మలు గీయవలసి ఉండేది. వాటిలో కొన్ని ఈ సంస్థలలో మిగిలాయి. మీ లెఫ్టినెంటు గురించి ఆయన కింద పనిచేసిన పదహారేళ్ళ కుర్రవాడు ఒక వాక్యం రాసి ఉండవచ్చు.

చివరి పుట

పదవీ విరమణ తేదీ 1922 ప్రాంతంలో ఉంటే దాన్ని ఆ మనిషి వైఫల్యంగా చదవకండి. ఆ ఫిబ్రవరిలో వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకలను తగ్గించింది, అదే నెలలో గెడ్డెస్ కమిటీ నివేదిక ప్రభుత్వ ఖర్చుల మీద గొడ్డలి వేటు వేసింది, ఎందరో మంచి అధికారులు ఓడలు లేక ఇంటి దారి పట్టారు. అదే ఏడాది తోటివారిలో ఎంతమంది వెళ్ళిపోయారో మీ ఇరవై ఒక్క పేర్ల కాగితమే చెబుతుంది.

విరమణ తర్వాత కూడా హోదా పెరగవచ్చు. కెప్టెన్‌గా దిగిపోయినవారు కొన్నేళ్ళకు విరమణ జాబితాలోనే రియర్ అడ్మిరళ్ళు అయ్యేవారు, కాబట్టి సమాధి మీది హోదాతో ఆయన ఏ ఓడకూ అధిపత్యం వహించి ఉండకపోవచ్చు. దీనికి తలకిందులుగా, యుద్ధం వచ్చినప్పుడు విరమించిన అడ్మిరళ్ళు తక్కువ హోదాకు ఒప్పుకుని తిరిగి సముద్రం మీదికి వెళ్ళారు. 1914 తర్వాత కొందరు రిజర్వ్ కెప్టెన్లుగా గస్తీ పడవలు నడిపారు, 1939 తర్వాత మరికొందరు రిజర్వ్ కమొడోర్లుగా అట్లాంటిక్ కాన్వాయ్‌లను నడిపించారు. కాబట్టి శాశ్వత దళపు పుట ముగిసిన చోట ఆగకుండా, 1939 నుంచి 1945 వరకు వచ్చిన నేవీ లిస్టులలో రిజర్వ్ పేర్ల దగ్గర కూడా ఒకసారి చూడండి. పుట్టిన తేదీ రాసిపెట్టుకున్నది ఆ పేరు ఆయనదేనా అని తేల్చుకోవడానికి అప్పుడు మళ్ళీ పనికొస్తుంది.